దుంపల కొట్లో సున్నా

కెటిల్ కోవ్, న్యూఫౌండ్‌లాండ్
1987 ఏప్రిల్ 22, బుధవారం

నా పేరు కెజయా ప్యార్డీ. వయసు ఎనభై మూడు. హోవార్డ్ ప్యార్డీ భార్యను. ఆయన పోయాడు, నేను పోలేదు. ఇంట్లో నేనూ, బిషప్ అనే ఒంటికన్ను పిల్లీ, పోయిన వేసవిలో నువ్వు తెచ్చి వంటగదిలో టీవీకి తగిలించి కూర్చోబెట్టిన కంప్యూటరనే దయ్యపు పెట్టే ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది పోస్టాఫీసు డ్రుసిల్లా. "సెల్బీకి నీ పేరు తెలియదా ఏమిటి, ఇదంతా ఎందుకు?" అంటోంది. తెలుసు. అయినా రాయమన్నాను. పెన్షను కాగితం ఇలాగే మొదలుపెట్టారు, పెన్షను వచ్చింది. ఇలా మొదలుపెట్టని కాగితాన్ని ఎవడూ లెక్కచెయ్యడు.

ఒరే సెల్బీ, నా చెల్లెలి కొడుకువని ఇంతవరకూ నోరు కట్టుకున్నాను. ఇక నావల్ల కాదు.

ఈస్టరు ముందురోజు, మర్నాటి ఆదివారం వంటలోకి దుంపలు తెద్దామని దుంపల కొట్టు తలుపు తీశాను. వాసన ముందు బయటికొచ్చింది, నేను తర్వాత లోపలికి వెళ్ళాను. బంగాళదుంపలన్నీ గడ్డకట్టి, కరిగి, నల్లబడి నీళ్ళు కారుతున్నాయి. నొక్కితే వేలు లోపలికి దిగిపోతోంది. క్యాబేజీలకీ టర్నిప్‌లకీ ఏమీ కాలేదు, వాటి తోలు మందం. దుంపలు మాత్రం ఒక్కటి మిగల్లేదు. తినేవీ పోయాయి, విత్తనానికి పక్కన పెట్టినవీ పోయాయి. నావొక్కదానివే అయితే ఏడ్చి ఊరుకుందును. ఊళ్ళో అందరివీ ఆ కొండలో తవ్విన కొట్లోనే కదరా ఉండేది!

ఈస్టరు ఆరాధన అయీ అవ్వగానే, గుడి గుమ్మంలోనే, నా తోడికోడలు ఆల్ఫ్రెడా మొదలెట్టింది. "కెజయా కొట్లో దీపం పెట్టడం మరిచిపోయింది. వయసైపోయింది, పాపం" అని. ఆ "పాపం" విన్నావా? తిట్టి ఉంటే బాగుండేది. మే 27న గుడి హాల్లో ఊరి సమావేశం పెట్టారు. కొట్టు తాళంచెవి నా మెడలోంచి తీసి ఆల్ఫ్రెడా మెడలో వెయ్యాలా వద్దా అన్నది తేలుస్తారట. మా అత్త నా చేతిలో పెట్టిన తాళంచెవి అది. ఈ చలికాలం దాకా ఆ కొట్లో ఒక్క దుంప చలికి చచ్చిన దాఖలా లేదు. తాళంచెవి పోతే పోయింది, దాని వెనకాల "ముసల్దానికి మతి పోయింది" అన్న మాట ఉంటుంది చూడు, అది నేను చచ్చాక కూడా ఈ ఊళ్ళో తిరుగుతుంది.

ఇప్పుడు నా వాదన విను. "పెద్దమ్మా, మంచు మీద ఆ కొండ ఎక్కి దిగొద్దు, కొట్లో చలి ఎంతుందో ఈ టీవీయే చెబుతుంది" అన్నది నువ్వు. కొట్లోంచి వంటింటికి తీగ లాగింది నువ్వు. నాకు అంకెలు రావు కాబట్టి ఒక్క గుర్తే చూపిస్తుందన్నావు. శిలువ కనిపిస్తే క్షేమం. అడ్డగీత కనిపిస్తే కొట్లో గడ్డకట్టే చలి, వెళ్ళి కొట్టు వెచ్చబడేలా లాంతరు వెలిగించాలి. జనవరిలో గీత వచ్చింది. మోకాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళి వెలిగించాను. ఫిబ్రవరిలోనూ అంతే. ఆ తర్వాత నీ పెట్టె ఒక్క గీతా చూపించలేదు, నేను ఒక్క లాంతరూ వెలిగించలేదు. దుంపలు చచ్చాయి. కాబట్టి చంపింది నీ పెట్టె.

ఆ సంగతి కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపు. ఫోన్ చెయ్యకు. మా వీధి మొత్తానికి ఒకటే తీగ. నువ్వు "హలో" అనేలోపు అటు తీగ మీద ఆల్ఫ్రెడా ఊపిరి వినిపిస్తుంది.

నీ పెద్దమ్మ
కెజయా ప్యార్డీ (శిలువ గుర్తు)


హాలిఫాక్స్
ఏప్రిల్ 29

పెద్దమ్మకు,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. ఆ దుంపల మీద పెరిగినవాణ్ణే నేనూ. డ్రుసిల్లా గారికి నా నమస్కారాలు. ఆవిడ చేతిరాత నీ గొంతు కంటే మెత్తగా ఉంది.

కానీ పెద్దమ్మా, కోపం తెచ్చుకోకు, పెట్టె తప్పు చెయ్యడం జరగని పని. అది చేసేది ఎంత చిన్న పనో చెబుతాను. తీగ మీద ఒక అంకె వస్తుంది. వేళ్ళ మీద లెక్కపెట్టే అంకె కాదు, చుక్క పెట్టి వెనకాల తోక ఉండే అంకె. రెండు డిగ్రీలు, దాని మీద ఇంకో ముక్క. లేదా మైనస్ నాలుగు, దాని కింద ఇంకో ముక్క. పెట్టె దాన్ని రెండే ప్రశ్నలు అడుగుతుంది. "నువ్వు సున్నా కంటే పెద్దా?" అవునంటే ప్లస్, అదే నీ శిలువ. "నువ్వు సున్నా కంటే చిన్నా?" అవునంటే మైనస్, అదే నీ గీత. రెండింటికీ కాదంటే సున్నా. అంతే. ఇందులో తప్పు దొర్లడానికి చోటేది?

ఆ మూడోది రానే రాదనుకో. తోకలున్న అంకెల్లో సరిగ్గా సున్నా, అటు వెంట్రుకవాసి ఇటు వెంట్రుకవాసి లేకుండా రావడమంటే, సూది మొన మీద నిలబడ్డట్టే. నీ జన్మలో కనిపించదు. అందుకే పోయిన వేసవిలో "సున్నా వస్తే పట్టించుకోకు" అన్నాను.

మరి ఏం జరిగుంటుంది? గీత సన్నగా ఉంటుంది. నీ కళ్ళజోడు ఎప్పటిది? లేకపోతే టీవీ వెచ్చగా ఉంటుంది కదా, బిషప్ దాని మీద పడుకుని తోక కిందికి వేలాడేసి ఉండొచ్చు. తోక వెనకాల గీత పడితే ఎవరికి కనిపిస్తుంది?

నా మాట విను. తాళంచెవి ఆల్ఫ్రెడా పిన్నికే ఇచ్చెయ్. నీ మోకాళ్ళకీ సుఖం, మాకూ నిశ్చింత.

ప్రేమతో
సెల్బీ


కెటిల్ కోవ్
మే 5

నా పేరు కెజయా ప్యార్డీ. వయసు మొన్నటిదే. ఇంట్లో మనుషులు మొన్నటివాళ్ళే.

నిశ్చింతా? ఎవరికిరా నిశ్చింత? నేను నిన్ను పొట్టేలు కింద పడకుండా ఎత్తుకుని పరిగెత్తినప్పుడు నీకు నిశ్చింతగానే ఉంది, నా నడుముకి లేదు.

నా కళ్ళజోడు సంగతి. నా వంటింటి కిటికీలోంచి చూస్తే ఆల్ఫ్రెడా ఆరేసిన బట్టల్లో ఏ లంగాకి ఎక్కడ మాసిక ఉందో చెబుతాను. ఆ మాసిక కుట్టిన దారం రంగు కూడా చెబుతాను. (రాస్తున్న నేను, డ్రుసిల్లా, కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి వచ్చాను. నిజమే. నీలం దారం.) బిషప్ ఆ టీవీ మీద ఎక్కదు. ఆ పెట్టె మొదటి రోజు కాసెట్ తిరుగుతుంటే చేసిన కీచుకి భయపడి పొయ్యి వెనక దూరింది, ఇప్పటికీ దాన్ని చూస్తే బుస్సుమంటుంది. దానికున్న బుద్ధి నాకు లేకపోయింది.

ఇక నీ సున్నా. నా జన్మలో కనిపించదన్నావు కదూ? సూది మొన అన్నావు కదూ? అయితే బూడిద బుధవారం నాడు నా టీవీలోకి వచ్చి మట్టల ఆదివారం దాకా కదలకుండా కూర్చున్న ఆ గుండ్రటి మొహం ఎవరిదిరా? ఈస్టరు ముందటి ఉపవాస కాలం దాదాపు మొత్తం ఉంది. నేను మాంసం మానేశాను, అది మాత్రం అంగుళం తగ్గలేదు. పొద్దున్నే లేస్తే అదే, పళ్ళు తోముకుంటే అదే, ప్రార్థన చేసుకుంటే అదే, నోరు తెరుచుకుని నన్నే చూస్తూ. ఉదయం టీ పోసుకుంటూ "ఏం బాబూ, ఇంకా ఉన్నావా?" అని పలకరించేదాన్ని కూడా.

నువ్వు పట్టించుకోకన్నావు. పట్టించుకోలేదు. అది వచ్చినప్పుడు డ్రుసిల్లాని పిలిచి చూపించాను. చూసి, "అది సున్నా కాదే, ఇంగ్లీషు 'ఓ' అక్షరం. ఓకే అనడానికి ముందు అక్షరం మాత్రం పెట్టాడు, స్థలం చాల్లేదేమో" అంది. చదువుకున్న మనిషి కదా అని నమ్మాను. (నేను అలా అన్నమాట వాస్తవం. ఇది రాయకపోతే ఈ కుర్చీలోంచి లేవనివ్వనంటోంది కాబట్టి రాశాను. డ్రుసిల్లా.)

సమావేశానికి ఇంక ఎంతో దూరం లేదు. ఆల్ఫ్రెడా అప్పుడే తాళంచెవికి కొత్త తాడు పేనుతోందట. నువ్వేమో నా కళ్ళజోడు గురించి రాస్తున్నావు.

కెజయా (శిలువ గుర్తు)


హాలిఫాక్స్
మే 10, ఆదివారం

పెద్దమ్మా,

నీ ఉత్తరం మొదటిసారి చదివి నవ్వుకున్నాను. రెండోసారి చదువుతుంటే చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఉపవాస కాలం మొత్తమా? ఒక్క రోజైతే నీ కళ్ళనే అనుమానించేవాణ్ణి. సూది మొన మీద ఎవరూ అన్ని వారాలు నిలబడరు. సున్నా అంతసేపు కూర్చుందంటే దాన్ని ఎవరో కూర్చోబెట్టారు.

ఎవరో కాదు. నేనే.

నవంబరులో నువ్వు పంపిన ఉత్తరం గుర్తుందా? నీ మాటలే రాస్తున్నాను: "ఆ శిలువా గీతా పెళ్ళి విందులో తాగినవాడిలా గెంతుతున్నాయి. ఇటు చూసేసరికి అటు, అటు చూసేసరికి ఇటు. నా తల తిరుగుతోంది. ఆపుతావా, టీవీని సముద్రంలో పడెయ్యమంటావా?" కొట్లో చలి సరిగ్గా గడ్డకట్టే అంచు మీద ఊగుతుంటే గుర్తు అలా గెంతుతుంది. అందులో తప్పేమీ లేదు. కానీ నువ్వు అంత గట్టిగా అడిగావని, పెట్టెకి పని నేర్పే కాసెట్ ఇంకోటి, రెండోది పంపాను. అందులో ఒక్క వాక్యం మార్చాను. అంకె రాగానే ముందు చుక్క తర్వాత ఉన్న తోక కోసెయ్యమన్నాను. తోకలే కదా గెంతేది!

ఇప్పుడు చూడు. మైనస్ నాలుగూ, దాని కింద ముక్క. తోక కోస్తే మైనస్ నాలుగు. గీత వస్తుంది. అందుకే జనవరిలో పని చేసింది. కానీ ఉపవాస కాలంలో కొట్లో చలి సున్నాకీ మైనస్ ఒకటికీ నడుమ ఇరుక్కుని ఉండాలి. మైనస్ సున్నా, చుక్క, ఎనిమిది అనుకో. తోక కోశాక ఏం మిగిలింది? ఉత్త సున్నా. అప్పుడు పెట్టె దాన్ని అడిగింది, "నువ్వు సున్నా కంటే చిన్నా?" అని. "కాదండీ" అంది. ముందు గుర్తు అడిగి ఆ తర్వాత ఏం కోసుకున్నా సరిపోయేది. నేను కోసి, తర్వాత అడిగాను. బంగాళదుంపకి ఆ ఇరుకులోనే ప్రాణం పోతుందని నాకు తోచలేదు.

సమావేశం కోసం ఒక కాగితం జతచేస్తున్నాను: "సంఘ పెద్దలకు. కొన్ని సాంకేతిక పరిస్థితుల దృష్ట్యా సూచికలో స్వల్ప అస్పష్టత ఏర్పడి ఉండవచ్చునని తెలియజేయడమైనది." దీనితో సరిపెట్టు, పెద్దమ్మా. ఈ పెట్టె గురించి ఆఫీసులో చాలా గొప్పలు చెప్పుకున్నాను. మీ తీరంలోనే ఇంకో నాలుగు ఊళ్ళవాళ్ళు తమ కొట్లలో పెట్టమని అడిగారు. ఇది బయటపడితే నన్ను చూసి నవ్వని గోడ ఉండదు.

నీ
సెల్బీ


కెటిల్ కోవ్
మే 14

నా పేరు ఇంకా కెజయా ప్యార్డీయే. ఇంట్లో నేనూ, పిల్లీ, పెట్టే.

ముందు పిల్లి సంగతి. నీ ఉత్తరం డ్రుసిల్లా పోస్టాఫీసు కౌంటరు దగ్గర నాకు చదివి వినిపిస్తుంటే, తపాలా బిళ్ళలు కొనడానికొచ్చినవాళ్ళు వెనకాల నిలబడి సగం విన్నారు. సాయంత్రానికి ఊరంతా ఏమంటోందో తెలుసా? "సెల్బీ హాలిఫాక్స్ నుంచి వచ్చి కెజయా పిల్లి తోక కోసేశాడట, దుంపలు పోయింది ఆ శాపానికేనట." ఆల్ఫ్రెడా మా ఇంటికొచ్చి తలుపు కూడా కొట్టకుండా పొయ్యి వెనకాల వంగి చూసింది.

"తోక ఉందే!" అంది, ఏదో పోగొట్టుకున్నదానిలా.

"ఉంది. కావాలా?" అన్నాను.

బిషప్ దాని చెయ్యి గీరింది. ఈ నెలలో నాకు దక్కిన సుఖం అదొక్కటే.

ఇప్పుడు నీ తోక సంగతి. డ్రుసిల్లా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. తోక కోశానంటావు. సరే, తోక వెనకాల ఉంటుంది. మైనస్ ముందుంటుంది కదా. తోక కోస్తే తల ఎలా తెగిందిరా? అప్పుడు డ్రుసిల్లా చెప్పింది, సున్నాకి మైనస్ అనే తలపాగా నిలవదట, జారిపోతుందట. సరే, అది కుదిరింది. నువ్వు చేసింది ఏమిటంటే, మనిషిని పాతిపెట్టొచ్చి, "ఒంట్లో ఎలా ఉంది నాయనా?" అని అడిగావు. లోపల్నుంచి చప్పుడు రాలేదు కాబట్టి కులాసా అని రాసుకున్నావు.

నా పాత ఫారెన్‌హీట్ డిగ్రీల్లో ఈ గోల లేదు. గడ్డకట్టేది ముప్ఫై రెండు దగ్గర. తోక కోస్తే ముప్ఫయ్యో ముప్ఫై ఒకటో మిగిలేది, ఎవడైనా గుర్తుపట్టేవాడు. అంచుని తీసుకెళ్ళి సున్నా మీద పెట్టిన మహానుభావుడెవరో వాడు దుంపలు తినే రకం కాదు.

గెంతులు ఆపమన్నది నేనే. కాదనను. ఆపమన్నాను, నోరు మూయించమనలేదు.

ఇక నువ్వు జతచేసిన ఆ కాగితం. "స్వల్ప అస్పష్టత" అంటే ఏ చేప? పాదిరి ఎల్స్‌వర్త్ గారికి చూపించాను. ఆయన రోజూ ఇలాంటి మాటలతోనే బతుకుతాడు, ఆయనకే అర్థం కాలేదు. ఇది తీసుకెళ్ళి హాల్లో చదివితే ఆల్ఫ్రెడా ఒకటే అడుగుతుంది: "ఇంతకీ తప్పు కెజయాదా కాదా?" ఆ ప్రశ్నకి నీ కాగితంలో జవాబు లేదు. నీ సున్నాలాగే ఉంది అది. ప్లస్సూ కాదు, మైనస్సూ కాదు.

నీకు నవ్వుతారని భయం. నాకు నవ్వరని భయం. నన్ను చూసి ఇక ఎవరూ నవ్వడం లేదురా. గుడిలో మెట్లు దిగుతుంటే మోచెయ్యి పట్టుకుంటున్నారు. చెవుడున్నదాన్ని పలకరించినట్టు మెల్లగా, పెద్దగా మాట్లాడుతున్నారు. నిన్న ఒకావిడ నా టీలో పంచదార తనే కలిపింది. అది నేను భరించలేను.

నీ పేరు రాసి, "తప్పు నాది" అని రాసి, ఏం తప్పో రాసి పంపు. ఆ నాలుగు ఊళ్ళవాళ్ళకీ ఇదే రాయి. వాళ్ళ ముసలమ్మలు నాకంటే నెమ్మదస్తులు కావొచ్చు, వాళ్ళ చేత తాళంచెవులు ఇప్పించెయ్యకు. రాయలేకపోతే ఇంక నాకు ఉత్తరం రాయకు.

కెజయా (శిలువ గుర్తు)


హాలిఫాక్స్
మే 19

పెద్దమ్మా,

కింద ఉన్నది హాల్లో చదివించు. ఆ నాలుగు ఊళ్ళకీ ఇదే పంపాను. ముందు ఫోన్‌లో చదివి వినిపిస్తే ఇద్దరు అప్పుడే నవ్వారు. మూడోవాళ్ళు తిట్టారు.

"నేను సెల్బీ రోజ్‌ని. కొట్లో గడ్డకట్టే చలి ఉన్నా కెజయా ప్యార్డీ టీవీలో సున్నా కనిపించింది. అంకె గుర్తు చూడకముందే నేను దాని తోక కోసినందువల్ల అలా జరిగింది. సున్నా వస్తే పట్టించుకోవద్దని ఆమెతో చెప్పింది నేనే. పెట్టె చెప్పినట్టే ఆమె చేసింది. తప్పు నాది, ఆమెది కాదు."

మూడో కాసెట్ కూడా పంపుతున్నాను. ఇందులో అంకెని ముక్కు నుంచి తోక దాకా ఉన్నదున్నట్టు చూసి గుర్తు చెబుతుంది. ఎవరైనా నమ్మకపోతే, మంచు గడ్డలు చితక్కొట్టి కొంచెం నీళ్ళూ చిటికెడు ఉప్పూ కలిపి, తీగ కొస అందులో ముంచండి. ముందు రెండో కాసెట్ పెట్టి చూడండి, తర్వాత మూడోది.

ఒక మాట. ఇది మళ్ళీ గెంతుతుంది. అంచు మీద ఉన్నదాన్ని గెంతకుండా చెయ్యాలంటే ఎక్కడో ఒకచోట అబద్ధం చెప్పించాలి. ఇంక చెప్పించను.

సెల్బీ


కెటిల్ కోవ్
జూన్ 1, సోమవారం

నా పేరు కెజయా ప్యార్డీ. వయసు ఎనభై మూడు. హోవార్డ్ ప్యార్డీ భార్యను. ఇంట్లో నేనూ, తోకతో సహా పిల్లీ, పెట్టే ఉంటాం. ఇది మే 27న గుడి హాల్లో జరిగిన విషయం. నేను చెప్పినది చెప్పినట్టు డ్రుసిల్లా రాస్తోంది.

హాలు జనంతో కిటకిటలాడిపోయింది. పెళ్ళికి కూడా అంతమంది రారు. టీవీనీ పెట్టెనీ తోపుడు బండి మీద పెట్టి నా ఇంటినుంచి ఊరేగింపుగా తెచ్చారు. బల్ల మీద బకెట్టు, బకెట్లో చితక్కొట్టిన మంచు, మంచులో పెట్టె తీగ కొస. చేపల గిడ్డంగిలోంచి ఎవరో పాత డిగ్రీల థర్మామీటరు పట్టుకొచ్చారు. దాన్ని చూసి నాకు చుట్టం కనిపించినట్టయింది.

ముందు నీ ఒప్పుకోలు చదివారు. "తోక" అన్న మాట దగ్గర అందరూ బిషప్ కోసం చూశారు. చదవడం అయ్యాక డ్రుసిల్లా రెండో కాసెట్ పెట్టింది. ఆ కీచుకి కుక్కలు అరిచాయి. పాదిరిగారు ఉప్పు చిటికెడు వేసి, తన చేత్తోనే కలిపి, థర్మామీటరు వెలుతురులోకి ఎత్తి చూసి, "ముప్ఫై రెండుకి ఒక డిగ్రీ తక్కువ. గడ్డకట్టే చలికి కింద ఉన్నాం" అన్నాడు. అందరూ టీవీ వైపు తిరిగారు. అక్కడ ఉన్నాడు నా పాత మిత్రుడు, గుండ్రంగా, నోరు తెరుచుకుని.

"ఓ!" అన్నారు హాల్లో సగంమంది. "కే" అంది డ్రుసిల్లా, సిగ్గుతో.

తర్వాత నీ మూడో కాసెట్. బకెట్టు అదే, ఉప్పు అదే. అడ్డగీత వచ్చి పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఊరు ఊరంతా ఆ గీతని చూస్తూ కూర్చుంది. ఒక్కొక్కరూ కొట్లో తమ దుంపల అరని గుర్తు తెచ్చుకుంటున్నారని నాకు తెలుసు. ఉపవాస కాలమంతా ఈ గీత నాకు కనిపించి ఉంటే నేను పాక్కుంటూ అయినా కొండ ఎక్కి ఉండేదాన్నని వాళ్ళకీ తెలుసు.

మంచు కొంచెం కరిగింది, ఎవరో చేపల గరిటెతో తిప్పారు. గీత పోయి శిలువ వచ్చింది. శిలువ పోయి గీత. అటూ ఇటూ గెంతడం మొదలుపెట్టింది. వెనక వరసలో అకార్డియన్ వాయించేవాడొకడు దానికి తాళం అందుకున్నాడు. పిల్లలు కాళ్ళు కొట్టారు. పాదిరిగారు "ఇది దేవుడి ఇల్లు" అంటూనే వేళ్ళు ఆడించాడు. గెంతనీ అనుకున్నాను. గెంతుతోందంటే అంచు మీద ఉందని. గీత నిలబడేదాకా ఆగకుండా లాంతరు పట్టుకుని బయల్దేరతాను. ఇంక దాన్ని మార్చకు.

అప్పుడు ఆల్ఫ్రెడా లేచింది. "పెట్టె గుడ్డిదే, ఒప్పుకుంటాను. మరి గుడ్డిదాన్ని నమ్మినావిడ సంగతి?"

"పాదిరిగారు ప్రతి ఆదివారం ఏదో ఒకటి చెబుతాడు. నమ్మడం లేదూ నువ్వు? ఆయన్ని ఏ బకెట్లో ముంచి చూశావు?" అన్నాను.

పాదిరిగారు దగ్గాడు. జనం నవ్వారు. నన్ను చూసే నవ్వారు సెల్బీ, గట్టిగా, మర్యాద లేకుండా, ఎప్పటిలాగే. నా మోచెయ్యి ఎవరూ పట్టుకోలేదు. చేతులెత్తమన్నారు. తాళంచెవి నా మెడలోనే ఉంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఎవరో అడిగారు, "సరే, తాళం కెజయాది. మరి నేలలో ఏం పెడతాం?" విత్తనపు దుంప ఒక్కటి లేదు. నవ్విన మొహాలన్నీ కిందికి వాలాయి. నేను గెలిచిన తాళంచెవికి లోపల ఖాళీ అర ఉంది.

ఆల్ఫ్రెడా ఇంకా నిలబడే ఉంది. గోడ వైపు చూస్తూ అంది, "నా మంచం కింద ఉన్నాయి. బస్తాలు."

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"నీ వంటింట్లో ఆ టీవీ చూసిన రోజు నుంచి. నా వాటా ఆ సాయంత్రమే, కూరకని నీ దగ్గరే తాళంచెవి అడిగి, తెచ్చేసుకున్నాను. ఆ చుట్టుపక్కల వాళ్ళ వాటాల్లోంచి కూడా కొంచెం."

"దొంగిలించావు."

"కాపాడాను."

"నన్ను నమ్మలేదు నువ్వు."

"నిన్ను కాదే ముసల్దానా, ఆ పెట్టెని. నిన్ను నమ్మకపోతే పెట్టె వచ్చేదాకా ఎందుకు ఆగుతాను?"

సెల్బీ, ఆవిడ నన్ను గుడి గుమ్మంలో "పాపం" అన్నది ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు, అడగను కూడా అడగను. శనివారం ఆల్ఫ్రెడా ఇంటికి వెళ్ళాను. మంచం కింద ఇద్దరం దూరాం. వంగడం దాని వల్లా కాదు, నా వల్లా కాదు. నేను లాగాను, అది తోసింది, బస్తా బయటికొచ్చింది. దుంపలు కళ్ళు మొలకెత్తి, ముట్టుకుంటే గట్టిగా ఉన్నాయి. పొయ్యి వేడి తగలకుండా రోజూ పక్క మార్చి పెట్టిందట.

"కృతజ్ఞత చెప్పడానికి వచ్చాననుకోకు" అన్నాను.

"ఇస్తున్నాననుకోకు. నాటుతున్నాను" అంది.

ఈ పూట మొదటి సాలు వేశాం. నేను కోస్తే తను నాటింది. ప్రతి ముక్కకీ కన్ను ఒకటి మిగలాలని నాకు చెప్పబోయింది. నాకే! నీ సెలవు ఎప్పుడో ఆఫీసులో చెప్పి బయల్దేరు. మిగిలిన చేను తవ్వేది నువ్వే. పారలు మా దగ్గర ఉన్నాయి, ఎవరి పార తీసుకుంటావన్నది మాత్రం జాగ్రత్తగా ఆలోచించుకుని రా.

పైన రాసినదంతా డ్రుసిల్లా నాకు చదివి వినిపించింది. నేను చెప్పినట్టే ఉంది. నా గుర్తు పెడుతున్నాను.

కెజయా ప్యార్డీ
+

సాక్షులు:
ఆల్ఫ్రెడా ప్యార్డీ (తన పేరు ముందు రాయకపోతే రెండో బస్తా ఇవ్వనంది)
డ్రుసిల్లా మెర్సర్, పోస్టాఫీసు